నకిలీ వియ్యంకుడు

ఆ శుక్రవారం ఉదయం నెర్మిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ఆఫీసు పని ముగించాలి, గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, సాయంత్రం నాలుగింటికి మెరిమా తల్లిదండ్రులు దోబోయ్ నుంచి వచ్చేసరికి పెళ్లికొడుకులా కనిపించాలి. ఇంత చిన్న పథకంలో తప్పు దొర్లడానికి చోటెక్కడుంది అనుకున్నాడు. తప్పుకు పెద్ద చోటు అక్కర్లేదని అతనికి అప్పటికి తెలియదు.

మెరిమాకూ అతనికీ మధ్య మాట ఎప్పుడో కుదిరింది. కుదరాల్సింది ఆమె తండ్రి రమీజ్‌తో. ఆయన దోబోయ్‌లో డ్రైవింగ్ పరీక్షలు పెట్టే అధికారిగా చేసి రిటైరయ్యాడు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ ఊళ్లో లైసెన్సు రాక సైకిలెక్కినవాళ్లే ఎక్కువని చెప్పుకుంటారు. నెర్మిన్ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. మెరిమా దగ్గరున్న పాత ఫొటోలో మాత్రం చూశాడు. అందులో ఆయనకంటే ఆయన మీసాలే ఎక్కువగా కనిపిస్తాయి.

"మీ నాన్న వద్దంటే?" అని నెర్మిన్ ఒకసారి అడిగాడు.

"వద్దన్నా నేను వచ్చేస్తాను. కానీ సరే అంటే బాగుంటుంది," అంది మెరిమా.

ఆ ‘కానీ’ అతనికి కొన్నాళ్లుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇక ఆఫీసు పని సంగతి. సారాయెవోలో ట్రామ్ స్టాపుల్లో వేలాడే బోర్డులకు నెర్మిన్ వాళ్ల చిన్న కంపెనీ ప్రోగ్రాములు రాస్తుంది. "తర్వాతి ట్రామ్ ఎప్పుడు?" అని బోర్డు పెద్ద కంప్యూటర్‌ను అడుగుతుంది, అది జవాబు పంపుతుంది. ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ప్రతిసారీ ఆ పెద్ద కంప్యూటర్‌ను విసిగించలేరు కాబట్టి, దాని బదులు జవాబిచ్చే ఒక డమ్మీని పెట్టుకున్నారు. ఆ డమ్మీతో వచ్చిన చిక్కేమిటంటే, అడగడమే తడవుగా జవాబంతా బస్తా దింపినట్టు ఒక్కసారిగా పడేస్తుంది. అసలుది అలా కాదు. ముందు "వస్తున్నా" అంటుంది, తర్వాత ముక్కలు ముక్కలుగా ధారలా పంపుతుంది, చివర్లో "అయిపోయింది" అని సంకేతమిస్తుంది. డమ్మీకి కూడా ఈ మర్యాదలన్నీ నేర్పమని విల్దానా మేడమ్ ఆజ్ఞ. ఆవిడ సోమవారం ట్రామ్ కంపెనీవాళ్లకు అంతా చూపించాలి.

నెర్మిన్ ఇంటి నుంచే పని మొదలుపెట్టాడు. అతని తల్లి ఫహ్రెత పిండి చేతులతో గుమ్మంలో నిలబడింది.

"ఏంట్రా పొద్దున్నించీ తెర వంక అలా గుడ్లప్పగించి చూస్తున్నావు? ఇవాళ ఏ రోజో గుర్తుందా?"

"ఉందమ్మా. ఇది అయిపోగానే లేస్తాను. నకిలీదానికి అసలుదానిలా నడుచుకోవడం నేర్పుతున్నా."

"నకిలీది ఎందుకురా, అసలుది ఉండగా?"

"అసలుది వచ్చాక తప్పు జరిగితే పరువు పోతుంది. అందుకే ముందు నకిలీదాంతో సరిచూసుకుంటాం. ఏం తేడా జరిగినా నాలుగు గోడల మధ్యే ఉంటుంది."

ఫహ్రెత పిండి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కొడుకు ఇన్నేళ్లుగా ఏం పనిచేస్తున్నాడో ఆమెకు మొదటిసారి అర్థమైంది. అర్థమవడంతో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

"మరి ఇంత తెలివి ఆ కంప్యూటర్‌కేనా? మనింటికి అక్కర్లేదా? అసలు వియ్యాలవారు వచ్చేముందు నకిలీ వియ్యాలవారిని పిలిచి ఒకసారి చూసుకుంటే?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు నెర్మిన్, తెర మీంచి కళ్లు తిప్పకుండా. మగవాళ్లు జీవితంలో చేసే పెద్ద పొరపాట్లలో సగం ఈ మాటతోనే మొదలవుతాయి.

పై అంతస్తులో ఉండే మునీబ్, అతని భార్య హస్నియా కబురందగానే దిగివచ్చారు. మునీబ్ పోస్టాఫీసులో రిటైరయ్యాక ఇంట్లో ఎవరికీ అక్కర్లేని మనిషయ్యాడు. ఒక పాత్ర దొరికిందనేసరికి పెళ్లినాటి కోటు వేసుకుని మరీ వచ్చాడు. గుమ్మంలోనే గొంతు సవరించుకుని, "నేను రమీజ్‌ని. దోబోయ్ నుంచి వస్తున్నాను. అబ్బాయి ఎక్కడ?" అన్నాడు.

"మొహం ఇంకొంచెం చిరాగ్గా పెట్టాలి అన్నయ్యా," అంది ఫహ్రెత.

"ఈయనకు చిరాకు ఇంట్లోనే వస్తుంది వదినా. బయటికొస్తే వెన్నముద్ద," అంది హస్నియా.

చుట్టాలను సాగనంపడం ఎక్కడైనా కష్టమే. పొమ్మనలేక పొగబెట్టారని సామెత. సారాయెవోలో పొగబెట్టరు, కాఫీ పెడతారు. రాగానే ఇచ్చేది స్వాగతం కాఫీ. కూర్చున్నాక వచ్చేది కబుర్ల కాఫీ. చివర్లో అడక్కుండా వచ్చి ముందు వాలేది పొమ్మనే కాఫీ. ఆ మాట ఎవరూ పైకి అనరు. మూడో కాఫీ చూడగానే పెద్దమనుషులు గడియారం చూసుకుని, "అరె, పొద్దుపోయిందే," అని లేస్తారు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది. ఇందులో పొరపాటు జరిగితే మటుకు మనవల కాలం దాకా చెప్పుకుంటారు.

రిహార్సల్ బాగానే మొదలైంది. మునీబ్ స్వాగతం కాఫీ తాగాడు. ఆ తర్వాత, నాలుగింటికి వచ్చేవాళ్లకోసం పల్చటి పిండి పొరలో మాంసం చుట్టి కాల్చిన పీతా పళ్లెం ముందు పెట్టగానే, చుట్టచుట్టగా ఉన్న దాన్ని ఒక కొసనుంచి మొదలుపెట్టి రెండో కొసదాకా ఆగకుండా తినేశాడు.

"అయ్యో అన్నయ్యా, అసలు చుట్టాలు అలా ఒక్కసారిగా తినరు! ఓ ముక్క, ఓ మాట, మళ్లీ ఓ ముక్క. మావాడు చెప్పాడు, ధారలా రావాలట."

"ముందే చెప్పాల్సింది. ఇంకో పీతా ఉంటే ధారలా తింటాను," అన్నాడు మునీబ్ నొచ్చుకుంటూ.

లోపలి గదిలో నెర్మిన్ డమ్మీ కూడా మర్యాదలు నేర్చుకుంది. "వస్తున్నా" అంది. ముక్కలు ముక్కలుగా పంపింది. చివర్లో "అయిపోయింది" అని సంకేతమిచ్చిందని కూడా నెర్మిన్ కళ్లారా చూశాడు. కానీ దాన్ని అందుకోవాల్సిన బోర్డు ప్రోగ్రామ్ మాత్రం ఆ సంకేతం రానట్టే గుడ్లు మిటకరిస్తూ కూర్చుంది. పరీక్ష ముగియదు, ముందుకు కదలదు. ఫోన్ మోగింది.

"ఏమైంది నెర్మిన్?" అంది విల్దానా.

"అంతా అయిపోయింది మేడమ్, అయిపోయినట్టు దానికి తెలియడం లేదు. అంతే."

"నాకు జోకులొద్దు. సాయంత్రానికి కావాలి."

"జోకు కాదు మేడమ్," అన్నాడు నెర్మిన్. అది జోకయితే అతనూ సంతోషించేవాడే.

పీతా పోయేసరికి ఫహ్రెత లెక్క తప్పింది. మళ్లీ పిండి కలపాలి. నకిలీ చుట్టాలను వెంటనే పంపించాలి. కబుర్ల కాఫీ దాటేసి నేరుగా పొమ్మనే కాఫీ తెచ్చి పెట్టి, గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయింది. అప్పుడు మునీబ్ అక్కడ లేడు. బాల్కనీలో సిగరెట్ కాలుస్తూ, కింద రోడ్డు మీద ఎవరికో తాను ఈ పూట వియ్యంకుణ్నని కేకేసి చెబుతున్నాడు. హస్నియా తన కప్పు తాగింది. పారబోస్తే పాపమని భర్త కప్పు కూడా తాగింది. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి, "పొయ్యి మీద పప్పు ఉంది," అని చెప్పి వెళ్లిపోయింది.

మునీబ్ లోపలికొచ్చి చూస్తే బల్ల ఖాళీ. తాపీగా సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఫహ్రెతమ్మా, కబుర్ల కాఫీ మర్చిపోయినట్టున్నావు!"

వంటింట్లోంచి ఫహ్రెత తొంగిచూసి తల పట్టుకుంది. నోటితో పొమ్మంటే తరాల మర్యాద పోతుంది. పొమ్మనే కాఫీ ఒకే మనిషికి రెండుసార్లు పెట్టడం మెడపట్టి గెంటడంతో సమానం. ఏమీ అనలేక పిండి మీద కోపం తీర్చుకోసాగింది.

సరిగ్గా ఆ సమయంలో తలుపు గంట మోగింది.

నాలుగింటికి రావాల్సిన రమీజ్ మూడింటికే వచ్చాడు. ఎక్కడికైనా ఒక గంట ముందే వెళ్లి చుట్టుపక్కల చూసుకోవడం ఆయన ఉద్యోగం నేర్పిన అలవాటు. భార్యా, మెరిమా కింద మిఠాయి దుకాణంలో ఏది కొనాలో తేలక నిలబడిపోతే, విసుగొచ్చి తానొక్కడే మెట్లెక్కాడు. మీసాలు పోయిన ఏడాదే తీసేశాడు. ఆ ముఖాన్ని దోబోయ్‌లోనే చాలామంది పోల్చుకోలేకపోతున్నారు.

తలుపు తీసింది మునీబ్.

"నమస్కారం. నేను రమీజ్‌ని. దోబోయ్ నుంచి వస్తున్నాను."

మునీబ్ ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. మంచి సూటు. పొడుగాటి మొహం. ఆ మొహంలో తనకు రానంత చిరాకు. తన పాత్రకు ఇంకొకణ్ని తెచ్చారనుకున్నాడు.

"దోబోయ్ రమీజ్‌ని నేను," అన్నాడు గంభీరంగా.

రమీజ్ గుమ్మం మీది పేరు మళ్లీ చదువుకున్నాడు. "మీరు రమీజ్ అయితే, నేనెవర్ని?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఒక్క పీతా తిన్నందుకు పాత్ర లాగేసుకుంటారా? ఎక్కడ పట్టుకొచ్చారు మిమ్మల్ని? రండి, కూర్చోండి. మీరెంత బాగా చేస్తారో నేనూ చూస్తాను."

మరొకరైతే అక్కణ్నించే వెనక్కి తిరిగేవారు. రమీజ్ తిరగలేదు. బండి ఎవరి చేతిలో ఎటు పోతోందో తెలియనప్పుడు ముందు సీట్లో కదలకుండా కూర్చోవడమే ఆయన జీవితమంతా చేసిన పని. వచ్చి మునీబ్ పక్కన కూర్చున్నాడు.

మగ గొంతులు విని, మునీబ్ తన పేకాట స్నేహితుణ్ని పైకి పిలిచాడనుకుంది ఫహ్రెత. ఇది అతనికి మామూలే.

"అన్నయ్యా, స్నేహితుడికి ఏం కావాలో పెట్టు, తినండి!" అని వంటింట్లోంచే కేకేసింది. "ఆ దోబోయ్ మొండిఘటం దిగేలోగా మాత్రం ఇద్దరూ దయచెయ్యాలి!"

"మొండిఘటమా?" అన్నాడు రమీజ్ మెల్లగా.

"మీకు చెప్పలేదా?" అన్నాడు మునీబ్. "కన్నకూతురికే మూడుసార్లు లైసెన్సు ఇవ్వలేదట. పాత్ర తెలుసుకోకుండా ఎలా వచ్చారండీ?"

తల రుద్దుకుంటూ నెర్మిన్ బయటికొచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా ఇస్త్రీది కాదు. సోఫాలో కొత్త మనిషిని చూసి మునీబ్ వైపు చూశాడు.

"కొత్త రమీజ్," అన్నాడు మునీబ్ పెడసరంగా. "మీ అమ్మ పిలిపించింది."

నెర్మిన్‌కు తల్లి మీద జాలేసింది. ఇంత కంగారు పడుతోందా పాపం అనుకుని కొత్తాయన ఎదుట కూర్చున్నాడు.

"మీకు శ్రమ ఇచ్చాం బాబాయ్‌గారూ. బాగున్నారు, చూడ్డానికి అచ్చు ఆయనలాగే ఉంటారేమో. కాకపోతే కళ్లలో ఇంకా కాస్త కాఠిన్యం కావాలి. ఆయన చూస్తే స్టీరింగే వణుకుతుందట. సరే, అడగండి. నేను జవాబులు చెప్పి చూసుకుంటాను."

రమీజ్ కోటు బొత్తాం సర్దుకున్నాడు. తర్వాత, "నా కూతుర్ని నీకెందుకివ్వాలి?" అన్నాడు.

"ఆహా, గొంతు సరిపోయింది!" అన్నాడు మునీబ్ ఒప్పుకోక తప్పక.

నెర్మిన్ నిటారుగా కూర్చున్నాడు. "మావయ్యగారూ, నాకు మంచి ఉద్యోగముంది, చెడు అలవాట్లు లేవు..." అని ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇది బాగాలేదు. బట్టీ పట్టినట్టుంది కదూ? నిజం చెప్పనా? ఆయన ముందు చెప్పలేను గానీ మీకు చెప్పొచ్చు."

"చెప్పు."

"ఆయన ఇచ్చేదేం లేదు. మెరిమా నిర్ణయం ఎప్పుడో చేసేసుకుంది. ఆయన వద్దన్నా వస్తుంది. అదే నా భయం. వస్తుంది, నవ్వుతూనే ఉంటుంది, కానీ పండగ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి దోబోయ్ రోడ్డు వంక చూస్తుంది. వాళ్ల నాన్న మీద అరవని రోజు లేదు, ఆయన మాట ఎత్తని రోజూ లేదు. ఆ మనిషిని తన నుంచి దూరం చేసినవాణ్ని నేను కాకూడదు. ఆయన కాస్త సరే అంటే చాలు బాబాయ్‌గారూ, ఇంకేమీ వద్దు. ఆ మొండిఘటానికి ఇది ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు."

రమీజ్ జేబులోంచి రుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి.  

సరిగ్గా అప్పుడే ఫహ్రెత వచ్చింది. గడియారం చూసి ఆమె సహనం చచ్చిపోయింది. మర్యాద గంగలో కలిసినా సరే, ఈ పేకాట జంటను సాగనంపాల్సిందే అనుకుని రాగి పాత్రలో పొమ్మనే కాఫీ కాచి, లోకుమ్ మిఠాయి ముక్క కూడా పెట్టకుండా రెండు కప్పులూ టక్కున బల్ల మీద పెట్టింది. లోకుమ్ లేని పొమ్మనే కాఫీ అంటే, పోయి మళ్లీ రావద్దని అర్థం.

అదే క్షణంలో తెరిచి ఉన్న తలుపులోంచి, చేతిలో మిఠాయి డబ్బాతో మెరిమా, ఆమె వెనక తల్లీ లోపలికొచ్చారు.

"అప్పుడే లోపలికొచ్చేశావా నాన్నా! కింద వెతికి చచ్చాం," అంది మెరిమా.

 కింద ట్రామ్ వెళ్లిన చప్పుడు మొత్తం వినిపించింది. ఫహ్రెత రమీజ్ ముందున్న కప్పు వంక చూసింది. వియ్యంకుడు మొదటిసారి ఇంటికొస్తే మొదటి కాఫీగా పొమ్మనే కాఫీ పెట్టిన ఇల్లాలు సారాయెవో చరిత్రలో మరొకతె ఉండదు. భూమి విచ్చుకుంటే దిగిపోవాలనిపించింది. మూడో అంతస్తు కాబట్టి ఆ సౌకర్యం కూడా లేదు. నెర్మిన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. మొండిఘటం అని తాను ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టుకుంటున్నాడు.

రమీజ్ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఫహ్రెత కళ్లు మూసుకుంది. ఆయన దాన్ని తాగలేదు. జాగ్రత్తగా జరిపి మునీబ్ ముందు, మునీబ్ కప్పు పక్కనే పెట్టాడు.

"ఇది వీరిదమ్మా. నాకంటే ముందొచ్చారు. నాకింకా స్వాగతం కాఫీయే రాలేదు."

"అన్నయ్యగారూ..." అంది ఫహ్రెత. 

"మీరు కంగారు పడకండి చెల్లెమ్మా." ఆయన నెర్మిన్ వైపు తిరిగాడు. "అబ్బాయ్, పరీక్షలో అందరూ బాగానే నడుపుతారు. పక్కన అధికారి ఉన్నాడని తెలుసు కదా. అందుకే నేను ఎవర్నీ పరీక్షలో చూసేవాణ్ని కాదు. పరీక్ష ఇంకా మొదలవలేదు అనుకుని బండి బయటికి తీస్తారే, అప్పుడు చూసేవాణ్ని."

"అయితే నేను..." అన్నాడు నెర్మిన్.

"నువ్వు అద్దం చూసుకోలేదు. వెనక ఎవరొస్తున్నారో చూసుకోలేదు. ఎదురుగా ఉన్నవాణ్ని అసలే చూసుకోలేదు." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ దారి తప్పలేదు."

"అంటే సరే అన్నట్టా నాన్నా?" అంది మెరిమా, కళ్లలో నీళ్లతో.

రమీజ్ జవాబు చెప్పబోతున్నాడు. మెరిమా, ఇద్దరు తల్లులు, ఆఖరికి మునీబ్ కూడా ఆయన వంకే చూస్తున్నారు. నెర్మిన్ మాత్రం మునీబ్ ముందున్న రెండు కప్పుల వంకే చూస్తున్నాడు.

"మునీబ్ బాబాయ్," అన్నాడు ఉన్నట్టుండి. "అమ్మ మీకు ఇందాకే ఒకసారి ఈ కాఫీ ఇచ్చిందా?"

"నాకెవరూ ఇవ్వలేదే."

"ఇచ్చానురా," అంది ఫహ్రెత బిక్కమొహంతో. "అప్పుడు తను బాల్కనీలో ఉన్నట్టున్నాడు. హస్నియా తాగేసి ఉంటుంది."

"మనిషి వచ్చి కూర్చోకముందే సంకేతం ఇచ్చేశాం!" అని అరిచి నెర్మిన్ గదిలోకి పరుగెత్తాడు.

తన జీవితంలో అతి ముఖ్యమైన మాట వినబోయే క్షణంలో పెళ్లికొడుకు పారిపోయిన ఇల్లు బహుశా అదొక్కటే. ఫహ్రెత గోడకు ఆనుకుంది. లోపల కీబోర్డు చప్పుడు. నెర్మిన్‌కు తప్పు దొరికింది. బోర్డు అడిగీ అడగకముందే డమ్మీ గబగబా అన్ని సంకేతాలూ ఇచ్చేస్తోంది. బోర్డు ప్రోగ్రామ్ చెవి ఒగ్గేసరికి "అయిపోయింది" అన్న మాట గాలిలో కలిసిపోతోంది. వినేవాడు కూర్చునేదాకా ఆగి, ఆ తర్వాతే మొదలుపెట్టమని డమ్మీకి చెప్పాడు. తెర మీద పరీక్షలన్నీ నెగ్గినట్టు వరసంతా ఆకుపచ్చగా వెలిగింది.

అతను తిరిగొచ్చేసరికి అందరూ నిలబడే ఉన్నారు.

"ఎక్కడికి పోయావు?" అన్నాడు రమీజ్.

"ఆఫీసు పని మావయ్యగారూ. వినేవాళ్లు లేనప్పుడు చెప్పిన మాట చెప్పనట్టే లెక్కట. అదే సరిచేశాను. మీరు ఏదో అనబోయారు."

రమీజ్ మెరిమా వైపు చూశాడు. "ఇతను ఎప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతే నాన్నా."

"అయితే నువ్వు లేకపోతే ఇతను రోడ్డు దాటలేడు," అన్నాడాయన. తర్వాత నెర్మిన్‌ను కూర్చోబెట్టి, అతను వింటున్నాడని రూఢి చేసుకుని, అప్పుడు చెప్పాడు. "సరే."

 మెరిమా వచ్చి నెర్మిన్ పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అందరూ చూశారు.

ఆ తర్వాత అన్నీ వరసగా, ధారలా జరిగాయి. స్వాగతం కాఫీ వచ్చింది, లోకుమ్‌తో సహా. రెండో పీతా వచ్చింది. కబుర్ల కాఫీ నాలుగుసార్లు వచ్చింది. విల్దానా ఫోన్ చేసి, "ఇంత చిన్నది పట్టుకోవడానికి ఇంతసేపా?" అంది, అంటే బాగుందని అర్థం. మిఠాయి డబ్బా ఖాళీ అయ్యాక ఫహ్రెత భయంభయంగా మూడో రకం కాఫీ తెచ్చింది. రమీజ్ నవ్వి, ఈసారి నిండుగా తాగి, గడియారం చూసుకుని, "అరె, పొద్దుపోయిందే," అని లేచాడు. గుమ్మం దగ్గర వియ్యపురాళ్లు కౌగలించుకున్నారు.

మునీబ్ లేవలేదు. తన ముందు అప్పట్నించీ అలాగే ఉన్న రెండు కప్పుల వంక చూసి, "ఇంత చల్లారిన కాఫీ ఎవరు తాగుతారు ఫహ్రెతమ్మా? వేడిగా ఇంకోటి పెట్టు, కబుర్లు చెప్పుకుందాం," అన్నాడు.

కంప్యూటర్‌కు ఆ సాయంత్రమే అందిన సంకేతం మునీబ్‌కు ఇవాళ్టికీ అందలేదు.